కనుబొమలకు సెమీ పర్మనెంట్ రంగు: హైదరాబాద్‌లో చేయించుకునేవారు ముందుగా చూసుకోవలసినవి

సూదితో చర్మంలోకి రంగు దించి కనుబొమలు తీర్చే పని ఇది. పని పూర్తయిన గంటలోపు తీసిన ఫోటోను చూసి కనుబొమల స్టూడియోను ఎంచుకోకూడదు. ఆ సమయంలో చర్మం కాస్త ఉబ్బి, రంగు పైపొరలో నిండుగా నిలిచి ఉంటుంది కాబట్టి ఓ మోస్తరు చేయి తిరిగిన ఎవరు చేసినా కనుబొమలు తీర్చిదిద్దినట్టే కనిపిస్తాయి. మనం డబ్బు కట్టేది ఆ తర్వాత ఏడాది, ఏడాదిన్నర పాటు ముఖం మీద ఉండే రంగుకు. అందువల్ల ఏ స్టూడియోకు వెళ్లినా ముందు అడగవలసింది పూర్తిగా మానిన కనుబొమల ఫోటోలు, వీలైతే ఏడాది గడిచిన తర్వాత తీసినవి, అవి కూడా మన చామనఛాయ చర్మం మీద చేసినవి. విదేశీ మోడళ్ల ఫోటోలతో గోడలు నింపిన చోట ఈ ప్రశ్న వేస్తే చాలా విషయాలు తేలిపోతాయి.

జూబ్లీహిల్స్, బంజారాహిల్స్, గచ్చిబౌలి, కొండాపూర్ మొదలుకొని కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్ దాకా హైదరాబాద్‌లో ఈ సేవ దొరకని ప్రాంతమంటూ ఇప్పుడు లేదు. హిమాయత్‌నగర్‌లో ఒక చర్మ వైద్యశాలకు అనుబంధంగా నడిచే చిన్న స్టూడియోలో నేను పౌడర్ బ్రోస్ (చిన్న చుక్కలతో నీడలా రంగు తెచ్చే పద్ధతి) చేయించుకుని ఏడాది దాటింది. రంగు మానడం, కుదురుకోవడం, వెలవడం మూడూ చూశాక రాస్తున్న సమీక్ష ఇది. ఆ స్టూడియో పని నాకు నచ్చింది. అయితే ఈ రంగంలో స్టూడియో పేరు కన్నా చేసే మనిషి చేయి ముఖ్యం, ఆ మనిషి రేపు మరో చోటికి మారవచ్చు. అందుకే పేరుకు బదులు ఆ పని ఎందుకు బాగుందో వివరించడమే చదివేవారికి ఎక్కువ ఉపయోగమని అనుకుంటున్నాను.

పార్లర్లలో 'మైక్రోబ్లేడింగ్' అన్న ఒక్క మాటతో పిలిచేవన్నీ ఒకటి కావు. అసలు మైక్రోబ్లేడింగ్‌లో సన్నని సూదులు వరుసగా పేర్చిన పిడిని పెన్నులా పట్టుకుని, చర్మం మీద వెంట్రుకల్లాంటి గీతలు గీసి, ఆ గీతల్లోకి రంగు దించుతారు. పౌడర్ బ్రోస్, ఒంబ్రే అనేవాటిలో మెషీన్ సూదితో చిన్న చిన్న చుక్కలు పెట్టి, ఐబ్రో పౌడర్ అద్దినట్టు లేత నీడ తెస్తారు. ఈ రెండూ కలిపి చేస్తే కాంబో బ్రోస్. మెషీన్‌కు ఒకే సన్నని సూది అమర్చి వెంట్రుక గీతలు తెచ్చేవి నానో బ్రోస్. వెంట్రుకలను దువ్వి ఒక తీరుగా నిలిపే ల్యామినేషన్, పైపైన రంగు పూసే టింట్, హెన్నా బ్రోస్ వేరే కోవలోవి. వాటిలో సూది లేదు, రంగు చర్మంలోకి దిగదు, కొద్ది వారాల్లో పోతాయి. ఎలా ఉంటుందో చూసుకోవాలనుకునేవారు వాటితో మొదలుపెట్టవచ్చు. అయితే నల్లటి హెన్నా పేరుతో వాడే కొన్ని రంగుల్లో, తలకు వేసే రంగులో ఉండే పీపీడీ అనే రసాయనం ఉంటుంది. హెయిర్ డై పడనివారికి అది కనుబొమల మీద కూడా పడదు.

మన ఊరి చర్మానికి ఏది నప్పుతుందన్నదే ఇందులో అసలు ప్రశ్న. కొంచెం జిడ్డుగా, రంధ్రాలు కాస్త పెద్దవిగా ఉన్న చర్మంలో సన్నని గీతలు ఎక్కువ కాలం గీతలుగా ఉండవు. నెలలు గడిచేకొద్దీ అవి వెడల్పై, ఒకదానిలో ఒకటి కలిసి, చివరకు అలికినట్టు తయారవుతాయి. చుక్కలతో చేసిన పౌడర్ పద్ధతిలో మొదటి నుంచీ గీత అంటూ ఉండదు కాబట్టి వెలిసినా మెల్లగా, సమంగా వెలుస్తుంది. ఎండలో తిరిగే, త్వరగా చెమట పట్టే మనలాంటివారికి అదే మేలని నా అభిప్రాయం. నా చర్మాన్ని చూసిన ఆర్టిస్టు మొదట చెప్పిన మాట కూడా ఇదే: "మేడమ్, మీరు ఫోటోలో చూపించిన గీతలు నేను గీయగలను, ఆ రోజుకు బాగుంటాయి కూడా. మీ నుదురు జిడ్డుది, ఎనిమిది నెలలకు అవి కలిసిపోతాయి. పౌడర్ చేయించుకోండి." అడిగినదానికల్లా తల ఊపకుండా కారణం చెప్పి కాదన్న మనిషి దొరికితే సగం పని అయినట్టే. చర్మం పొడిగా, రంధ్రాలు చిన్నవిగా ఉన్నవారికి గీతలు బాగానే నిలుస్తాయి. అలాంటివారు మైక్రోబ్లేడింగ్‌కు భయపడనక్కరలేదు.

స్టూడియోకు వెళ్లడానికి ముందే ఆలోచించవలసినది ఇంకొకటి ఉంది: కనుబొమలు అసలు ఎందుకు పలచబడ్డాయి? ఏళ్ల తరబడి త్రెడింగ్ చేయించుకోవడం వల్ల కొందరికి వెంట్రుకలు తిరిగి రావడం మానేస్తాయి. అలాంటివారికి ఈ రంగు చక్కని పరిష్కారం. థైరాయిడ్ హార్మోన్ తక్కువైనవారికి కనుబొమల బయటి చివర, అంటే చెవి వైపున్న మూడో వంతు రాలడం వైద్యులకు బాగా తెలిసిన లక్షణం. పేనుకొరుకుడులో గుండ్రంగా రాలవచ్చు. కుష్ఠు వ్యాధిలోనూ కనుబొమలు రాలతాయి, ఆ వ్యాధి మన ప్రాంతంలో పూర్తిగా పోలేదు. ఉన్నట్టుండి కనుబొమలు రాలుతున్నవారు రంగుతో దాన్ని కప్పేయక ముందే చర్మ వైద్యుల దగ్గరకు వెళ్లడం మంచిది. రంగు వేశాక ఆ రాలడం కంటికి కనబడదు, జబ్బు మాత్రం లోపల సాగుతూనే ఉంటుంది. కీమోథెరపీ తర్వాత కనుబొమలు రాక బాధపడేవారికి ఈ సేవ ఎంత ఊరటనిస్తుందో మా బంధువుల్లో ఒకరి విషయంలో చూశాను. ఆవిడ తన క్యాన్సర్ వైద్యుల అనుమతి తీసుకుని, వారు సరేనన్న తర్వాతే చేయించుకున్నారు.

ఎవరు చేయించుకోకూడదన్న విషయంలో మంచి స్టూడియోకూ మామూలు స్టూడియోకూ తేడా స్పష్టంగా బయటపడుతుంది. నేను మొదట విచారించిన ఒక పేరున్న చోట ఆరోగ్యం గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ధర చెప్పి, అడ్వాన్స్ కడితే ఆ వారాంతం తగ్గింపు వర్తిస్తుందన్నారు. రంగు సీసా చూపించమంటే "ఇంపోర్టెడ్ మేడమ్, టాప్ క్వాలిటీ" అన్నారే తప్ప సీసా బయటికి తీయలేదు. అక్కడి నుంచి వచ్చేశాను. హిమాయత్‌నగర్‌లో మాత్రం రెండు పేజీల ఫారం ముందు పెట్టారు. గర్భం, పాలిచ్చే దశ, అదుపులో లేని షుగర్, రక్తం పలచబడే మందులు, గాయం మానాక ఉబ్బి పెరిగే కీలాయిడ్ మచ్చలు, బొల్లి, సోరియాసిస్, నోటి దగ్గర పొక్కుల చరిత్ర, ముడతలు పోవడానికి ఇటీవల వేయించుకున్న బొటాక్స్ ఇంజెక్షన్లు, ఎలర్జీలు అన్నీ అందులో అడిగారు. బొల్లి ఉన్నవారికి గాయమైన చోట కొత్త మచ్చ రావచ్చు, సోరియాసిస్‌లోనూ అంతే, అందుకే ఆ ప్రశ్న. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడినవారిని, ఆపిన తర్వాత కనీసం ఆరు నెలలు ఆగి రమ్మంటారు. ఈ మాత్రలు మన నగరంలో కాలేజీ పిల్లలు ఎంతగా వాడుతున్నారో తెలిసినవారికి ఈ ప్రశ్న ఎంత అవసరమో అర్థమవుతుంది. రక్తం పలచబడే మందులను మాత్రం ఎవరూ సొంతంగా ఆపకూడదు. ఆ నిర్ణయం ఆ మందు రాసిన వైద్యులదే.

రంగు పడుతుందో లేదో చూడడానికి చెవి వెనుక చిన్న చుక్కతో ప్యాచ్ టెస్ట్ చేసి, ఒకటి రెండు రోజులు ఆగి రమ్మన్నారు. వచ్చిన రోజే కూర్చోబెట్టి పని ముగించే చోట్లు చాలానే ఉన్నాయి కాబట్టి ఈ ఆలస్యాన్ని నేను గౌరవంగా భావించాను.

పని జరిగిన రోజు కొలతలకే ఎక్కువ సమయం పట్టింది. రంగు పూసిన దారాన్ని నుదుటి మీద బిగించి లాగి, ముక్కు వారగా, కనుపాప మీదుగా, కంటి చివర మీదుగా సన్నని గీతలు అచ్చు వేశారు. రెండు కనుబొమల మొదలు, వంపు, తోక ఎక్కడ రావాలో ఆ గీతలే చెబుతాయి. ఈ కొలత పడుకోబెట్టి తీసుకుంటే చర్మం వెనక్కి జారి ఆకారం మారిపోతుంది. నన్ను నిటారుగా కూర్చోబెట్టి, నవ్వమని, కనుబొమలు ఎగరేయమని, మళ్లీ మామూలుగా ఉండమని చెప్పి, ఒక వైపు వంపును రెండుసార్లు చెరిపి గీశారు. చేతికి అద్దమిచ్చి, నేను సరే అన్నాకే ముందుకు సాగారు. ఎవరి రెండు కనుబొమలూ అచ్చంగా ఒకేలా ఉండవు. వాటిని బలవంతంగా ఒకేలా చేయాలని చూసేవారి పనిలోనే ముఖం అసహజంగా మారుతుంది.

సూది విషయంలో మొహమాటం పనికిరాదు. ఎవరికో వాడిన సూది మనకు వాడితే హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్ఐవి సోకే అవకాశం ఉంది. నా ఎదుటే మూసి ఉన్న ప్యాకెట్ చింపి సూదిని తీశారు. దాని మీద బ్యాచ్ నంబరు, స్టెరిలైజ్ చేసిన తేదీ, గడువు తేదీ ముద్రించి ఉన్నాయి, ఫోటో తీసుకుంటానంటే అభ్యంతరం చెప్పలేదు. మెషీన్‌కూ దాని వైరుకూ పలచని ప్లాస్టిక్ తొడుగు వేశారు. రంగును సీసా నుంచి వేలికి ఉంగరంలా తొడుక్కునే చిన్న గిన్నెలో పోసుకుని, మిగిలింది పారేశారు. వాడిన సూది గుచ్చుకుపోని తెల్లటి డబ్బాలోకి వెళ్లింది. మన దేశంలో 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు సూదుల వంటి వాటికి నిర్దేశించిన డబ్బా అదే. మామూలు చెత్తబుట్టలో సూది పడే చోట మిగతా జాగ్రత్తలు ఎలా ఉంటాయో ఊహించుకోవచ్చు.

నొప్పి తెలియకుండా ముందుగా నంబింగ్ క్రీమ్ రాస్తారు. వైద్యులు సాధారణంగా వాడే రకంలో లిడోకెయిన్, ప్రిలోకెయిన్ అనే మొద్దుబార్చే మందులు చెరో 2.5 శాతం ఉంటాయి. పేరు, మోతాదు రాయని ట్యూబు తీస్తే వద్దని చెప్పాలి. లిడోకెయిన్ 4 శాతానికి మించిన క్రీములను ఇలాంటి పనులకు వాడవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024లో హెచ్చరించింది, మోతాదు మించితే గుండె లయ దెబ్బతినే ప్రమాదం ఉంది. క్రీమ్ కంట్లోకి జారినా కార్నియాకు, అంటే కంటి ముందున్న పారదర్శక పొరకు హాని. నాకు కనుబొమ మొదలు దగ్గర, ఎముక మీద చర్మం పలచగా ఉన్న చోట గీరినట్టు తెలిసింది, మిగతా చోట్ల చిన్న అదురు మాత్రమే.

రంగు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఏడాది తర్వాత వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం దీని గురించే. చర్మం పైపొర ఎప్పటికప్పుడు రాలి కొత్తది వస్తూ ఉంటుంది కాబట్టి రంగును దాని కిందనున్న పొర పైభాగంలో నిలపాలి. పైపైన పెడితే నెలలో పోతుంది. లోతుకు దిగితే అంచులు చెదిరి బూడిద, నీలం ఛాయలు కనబడతాయి, మచ్చ కూడా పడవచ్చు. ఈ రంగుల్లో సాధారణంగా ఐరన్ ఆక్సైడ్లో, కార్బన్ నలుపో, రెండూ కలిపో ఉంటాయి. ఐరన్ ఆక్సైడ్ మిశ్రమాలు వెలిసేకొద్దీ ఎరుపు, నారింజ వైపు తిరుగుతాయి. కార్బన్ ఎక్కువకాలం నిలుస్తుంది, కానీ నీలి బూడిద వైపు తిరుగుతుంది. మన అమ్మమ్మల చేతుల మీది పచ్చబొట్టు ఏళ్లు గడిచాక ఆకుపచ్చగా, నీలంగా కనిపించడానికీ ఇలాంటి కారణమే. మన ఛాయకు నల్లటి రంగు నప్పుతుందనుకోవడం సహజమే అయినా, కొద్దిగా వెచ్చదనం కలిసిన ముదురు గోధుమ రంగు మానిన తర్వాత చాలా సహజంగా ఉంటుంది. నాకు వేసింది అదే. మొదట్లో మా ఇంట్లో అందరూ లేతగా ఉందన్నారు, ఇప్పుడు చూసినవారికి అది వేయించిన రంగని తెలియడం లేదు.

సీసా మీద తయారీదారు పేరు, బ్యాచ్, గడువు, పదార్థాల జాబితా ఉండాలి. పచ్చబొట్టు రంగుల్లోనూ పర్మనెంట్ మేకప్ రంగుల్లోనూ ఉండగల రసాయనాల మీద యూరోపియన్ యూనియన్ 2022 జనవరి నుంచి కఠినమైన పరిమితులు పెట్టింది కాబట్టి ఆ నిబంధనలకు లోబడిన రంగును కోరవచ్చు. 'ఎఫ్‌డీఏ అప్రూవ్డ్' అని ఎవరైనా గొప్పగా చెబితే మాత్రం నమ్మకండి. చర్మంలోకి ఎక్కించడానికంటూ ఎఫ్‌డీఏ ఏ రంగునూ ఆమోదించలేదు.

మానే దశలో కంగారుపడేవారు ఎక్కువ. మొదటి రెండు మూడు రోజులు కనుబొమలు అనుకున్నదానికన్నా ముదురుగా, వెడల్పుగా ఉంటాయి. తర్వాత సన్నని పొట్టు లేస్తుంది. దాన్ని గోకితే ఆ చోట రంగు పోతుంది, చామనఛాయ వారికి నల్లమచ్చ కూడా మిగలవచ్చు. పొట్టు రాలాక రంగు అసలు లేనట్టే కనిపించి, నాలుగైదు వారాలకు మళ్లీ తేలుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య టచప్ చేస్తారు, అంటే రంగు తగ్గిన చోట్ల మళ్లీ దిద్దుతారు. అది పనిలో భాగమే, కాబట్టి ధరలో కలిసి ఉందో లేదో ముందే రాయించుకోవాలి. సుమారు పది రోజులు నానబెట్టే తలస్నానం, ఈత, ఆవిరి, జిమ్ చెమట, మేకప్ అన్నీ మానాలి. హైదరాబాద్ వేసవిలో 40 డిగ్రీల ఎండలో బండి మీద ఆఫీసుకు వెళ్లివచ్చేవారికి ఇది కష్టమే. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉన్న కాలం దీనికి అనువైనది. ఎరుపు, వాపు, నొప్పి తగ్గకుండా పెరుగుతూ పోయినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా స్టూడియోకు ఫోటో పంపి ఊరుకోకుండా వైద్యులకు చూపించాలి.

పెళ్లికూతుళ్లకు ఒక మాట. ముహూర్తానికి వారం ముందు ఈ పని పెట్టుకోవడం మంచిది కాదు. పొట్టు లేస్తున్న కనుబొమల మీద నలుగు, పసుపు పడితే రంగు చెడుతుంది, పచ్చిగాయానికి హాని కూడా. మొదటి సిట్టింగ్, టచప్, ఆ తర్వాత మానే సమయం అన్నీ కలిపి మూడు నెలలు చేతిలో ఉంచుకోవాలి. పెళ్లికి ముందు చేయించే ఫేస్ బ్లీచ్, డీ-ట్యాన్, పీల్ వంటివి కూడా కనుబొమల జోలికి రాకుండా చూడమని పార్లర్ అమ్మాయికి ముందే చెప్పాలి. రెటినాల్ క్రీములు, యాసిడ్ సీరమ్‌లు కూడా రంగును తొందరగా వెలయిస్తాయి.

నేను విచారించిన చోట్ల ధరలు 7 వేల రూపాయల నుంచి 35 వేల దాకా ఉన్నాయి. నేను టచప్‌తో కలిపి 18 వేలు కట్టాను. ఎక్కువ ధర మంచి పనికి హామీ కాదు, మాల్‌లో ఉన్న స్టూడియో అద్దె కూడా ఆ ధరలోనే ఉంటుంది. మరీ తక్కువ ధర మాత్రం అనుమానించదగినదే, ఎందుకంటే కొత్త సూది, మంచి రంగు, రెండు మూడు గంటల నైపుణ్యం అంత చవకగా రావు. రెండు మూడు రోజుల వర్క్‌షాప్‌లో సర్టిఫికెట్ తీసుకుని నేరుగా ముఖాల మీద మొదలుపెట్టేవారు ఈ రంగంలో ఉన్నారు. ఎన్నేళ్లుగా చేస్తున్నారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అని అడగడం ఎవరినీ అవమానించడం కాదు. హిమాయత్‌నగర్ స్టూడియోలో నాకు కనిపించిన లోపాలు రెండే: అపాయింట్‌మెంట్‌కు వెళ్లిన ప్రతిసారీ చాలాసేపు కూర్చోబెట్టారు, ఇంటికి ఇచ్చే జాగ్రత్తల కాగితం ఇంగ్లీషులో మాత్రమే ఉంది. నాతో పాటు వచ్చిన మా పిన్ని చేయించుకుంటే ఆ కాగితం ఆవిడకు ఎందుకూ పనికిరాదు. తెలుగులోనూ ఉర్దూలోనూ అచ్చు వేయించమని వారికి చెప్పాను.

నచ్చకపోతే తీయించుకోవచ్చులే అనుకుని తొందరపడకూడదు. ఐరన్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్న రంగుల మీద లేజర్ పడితే అవి పోయే బదులు ఒక్కసారిగా నల్లబడవచ్చు. అందుకే అనుభవమున్న చర్మ వైద్యులు ముందు చిన్న చోట పరీక్షించి చూస్తారు, ఆ తర్వాత కూడా పలు సిట్టింగ్‌లు పడతాయి. ఉప్పునీటి ద్రావణంతో తీసే పద్ధతీ ఉంది, అదీ సూదితోనే, మళ్లీ గాయమే. సెమీ పర్మనెంట్ అన్నారని రంగు పూర్తిగా మాయమవుతుందనుకోవడం కూడా సరికాదు. చాలామందికి లేత ఛాయ ఏళ్ల తరబడి మిగులుతుంది. అందువల్ల ఏటేటా పైన రంగు వేయించుకుంటూ పోతే పొర మీద పొర చేరి ముదురుతుంది. నాకు ఏడాది పూర్తయ్యాక వెళ్తే, ఆర్టిస్టు వెలుతురులో చూసి, ఇంకో ఆరు నెలలు ఆగమని, డబ్బు తీసుకోకుండా పంపేశారు.

చేయించుకున్నవారు మన దేశ నిబంధనల ప్రకారం ఏడాది పాటు రక్తదానం చేయకూడదు, ఇది పచ్చబొట్టుకు ఉన్న నియమమే. ఎంఆర్ఐ తీయించుకునేటప్పుడు కనుబొమలకు రంగు ఉందని టెక్నీషియన్‌కు చెప్పాలి. లోహపు రంగుల వల్ల ఆ చోట వేడి, వాపు రావడం అరుదే గానీ, చెబితే వారు గమనిస్తూ ఉంటారు. వాడిన రంగు పేరు, బ్యాచ్ నంబరు రాసిన కార్డును స్టూడియో నుంచి అడిగి తీసుకుని మెడికల్ ఫైల్లో పెట్టుకుంటే, ఎప్పుడైనా ఎలర్జీ వచ్చినా, తీయించుకోవలసి వచ్చినా వైద్యులకు మొదట కావలసిన సమాచారం అదే.